పందెమును జూచు విద్య

పరుగుపందెముల చరిత్ర వ్రాయువారు గెలిచినవాని పేరును, అతనికి పట్టిన కాలమును వ్రాసి, అంతటితో తమ పని తీరినదని తలంచుచుందురు. ఆ పందెమును జూచినవారెవరు, వారేమి చూచిరి, చూచి యేమనిరి అను ప్రశ్నలు ఆ గ్రంథములలో సాధారణముగా గానరావు. నాటకమును గూర్చి వ్రాయుచు ప్రేక్షకుని మాట విడిచిన విమర్శకుని మనము మెచ్చము. పందెమును గూర్చి మాత్రమట్లు విడుచుట న్యాయమని యేల తలంపవలెను? పందెము సగము పరుగెత్తువాని కాళ్లయందును, సగము చూచువాని కన్నులయందును గలదని మా యభిప్రాయము. చూపు చెడినచోట పరుగు చెడును. చూపు బాగుపడినచోట పరుగు బాగుపడును. ఈ సంగతిని కప్పుక్రింద జరుగు మధ్యదూరపు పందెముల చరిత్రను బట్టి నిరూపించి, దానివలన మా దిల్‌సుఖ్‌నగరు, లాల్‌బహదూరు నగరు ప్రాంతమువారు నేర్వదగినదేమో చెప్పుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట ఈ పందెముల స్వరూపమును కొంచెము తెలుపవలెను. బయలుమైదానమందలి పరుగుబాట చుట్టు 400 మీటర్లు. మందిరములోని బాట చుట్టు 200 మీటర్లు మాత్రమే. మలుపులు చిన్నవగుటచే వేగమున పరుగెత్తువాడు బయటికి విసరివేయబడకుండుటకై మలుపులయందు బాటను వెలుపలివైపున నెత్తుచేసి కట్టుదురు. 800 మీటర్ల పందెమన నాలుగు చుట్లు. 1,500 మీటర్లన ఏడున్నర చుట్లు. 3,000 మీటర్లన పదునైదు చుట్లు. ఉత్తమశ్రేణి పురుషుడు 1,500 మీటర్లు పరుగెత్తునపుడు ప్రతి ప్రేక్షకుని యెదుటికి సుమారు 28 సెకనుల కొకమారు తిరిగి వచ్చుచుండును. సూటిబాట పొట్టిదగుటచే ముందువానిని దాటుట కష్టము. దాటగోరినవాడు వెలుపలి వరుసనుండి ఎక్కువ దూరము పరుగెత్తవలెను. కావున ప్రతి దాటుటయు నొక నిర్ణయము. ప్రతి నిర్ణయమునకు నొక మూల్యము గలదు. నూరు మీటర్ల పరుగు కనురెప్ప వేయునంతలో ముగియును. మారథాను పరుగు ఊరి వెలుపల గంటలకొలది సాగును. మధ్యదూరపు పందెమొక్కటియే ఆదిమధ్యాంతములు గల కథవలె, ఒక్కచోట కూర్చున్నవాని యెదుట పూర్తిగా విప్పబడుచుండును.

కథ యని యూరక అనలేదు. భరతముని నాట్యశాస్త్రమున రెండవ యధ్యాయమందు ప్రేక్షాగృహముల కొలతలు చెప్పుచు, 108 హస్తముల పెద్దదియు, 32 హస్తముల చిన్నదియు గాక, 64 హస్తముల మధ్యమగృహమే మేలని నిర్ణయించెను. కారణము సుస్పష్టము. మందిరము మితిమీరి పెద్దదైనచో నటుని మాట చెవికి సోకదు. ముఖమందలి భావము కంటికి గానరాదు. అదే గ్రంథమున ఇరువదియేడవ యధ్యాయమునందు ప్రయోగముయొక్క సిద్ధి ప్రేక్షకునివలననే తెలియవలెనని చెప్పి, ఆ సిద్ధిని మానుషియనియు దైవికియనియు రెండుగా విభజించెను. చిరునవ్వు, పెద్దనవ్వు, 'సాధు' అనుట, 'అహో' అనుట, 'కష్టము' అనుట, ఒక్కసారిగా కోలాహలము చేయుట, ఒడలు గగుర్పొడుచుట, ఆసనమునుండి లేచి నిలుచుట, వస్త్రములను ఉంగరములను విసరుట, ఇవి మానుషి. శబ్దము లేక, కలత లేక, ఉత్పాతము లేక, ప్రేక్షాగృహము నిండియుండుట దైవికి. గిట్టనివారు చేయు విఘ్నములను గూడ నా ముని మరువలేదు. పేడకడులు, మట్టిబెడ్డలు, చీమలు రంగముపై విసరుట వానిలోనివి. పరీక్షకులు గూడ ఒక్క తెగవారు గారు. విలువిద్యను విలుకాడే పరీక్షింపవలెనని ఆయన మతము. నేడు పందెపు మందిరములలో కూర్చున్న జనుల కేకలను, లేచి నిలుచుటను, చివరి చుట్టునకు ముందు హఠాత్తుగ నావరించు నిశ్శబ్దమును జూచినవారికి ఈ విభాగమునకు వేరు వ్యాఖ్యానము కావలసియుండదు.

అయితే పాశ్చాత్యదేశములలో కప్పుక్రింది పందెపు ప్రేక్షకుడు తొలుతనే సహృదయుడై పుట్టలేదు. న్యూయార్కు నగరమున 1868 నవంబరు 11వ తేదీన న్యూయార్కు అథ్లెటిక్ క్లబ్బువారు ఒక స్కేటింగు మందిరమునందు జరిపిన పోటీలు అమెరికాలో కప్పుక్రింది పందెములకు మొదలు. తరువాత పది సంవత్సరములకు జనులను వేలకొలది మందిరములకు లాగినవి ఆరుదినముల నడక పందెములు. 1878లో లండనులోని ఇస్లింగ్టన్ వ్యవసాయ మందిరమునందును, 1879లో న్యూయార్కున, తరువాత మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అని పేరొందిన మందిరమునందును, ఆస్ట్లే పట్టీకై మనుష్యులు రాత్రింబవళ్లు చుట్లు తిరిగిరి. చూచువారు చుట్టలు కాల్చుచు, పానము చేయుచు, పందెములు కాయుచుండిరి. వారి సంతోషవిషాదములు సోలి తూలుచున్న మనుష్యుని బట్టి గాక, తాము కాసిన డబ్బును బట్టి మారుచుండెను. ఆ కన్ను పరుగును జూడలేదు, లాభనష్టములను జూచినది.

ఈ కన్ను మనకు క్రొత్త గాదు. దిల్‌సుఖ్‌నగరునకు పడమటి ప్రక్కనున్న మలక్‌పేటకు, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కాలమున, 1886లో, మౌలాలినుండి గుఱ్ఱపు పందెములు తరలి వచ్చినవి. నేటికిని ఆ మైదానమక్కడనే యున్నది. అందు జూచువాడు గుఱ్ఱము పేరును, వంశమును, బరువును, రౌతును కంఠపాఠముగ నెరిగియుండును. అంత శ్రద్ధతో జూచు ప్రేక్షకుడు మరియే యాటకును మన నగరమున లేడని చెప్పినను తప్పు లేదు. కాని ఆ శ్రద్ధకు మూలము చేతిలోని చీటి. గుఱ్ఱము తుదిగీత దాటగనే ఓడినవాని చీటి నేలపాలగును; దానితోడనే గుఱ్ఱముపై ప్రేమయు నేలపాలగును. శ్రద్ధ యొక్కటియే చాలదు, దాని మూలము గూడ శుద్ధమైయుండవలెనని మలక్‌పేట మనకు నేర్పుచున్నది.

పందెపు ప్రేక్షకుని దృష్టి డబ్బునుండి పరుగుమీదికి మరలిన కాలమునకు మంచి గుర్తు ఫిన్లండు దేశపు పావో నుర్మీ. ఇతడు చేత స్టాప్‌వాచి పట్టుకొని పరుగెత్తుట కలవాటుపడినవాడు. 1925 జనవరి 6వ తేదీ రాత్రి మాడిసన్ స్క్వేర్ గార్డెనునందు మైలుదూరమును 4 నిమిషముల 13.6 సెకనులలోను, ఆ రాత్రియే మరల 5,000 మీటర్లను 14 నిమిషముల 44.6 సెకనులలోను ముగించెను. రెండును మందిరపు పరుగులలో అంతవరకు లేని వేగములు. అతడు నవ్వడు, చేయెత్తడు, ప్రక్కవానిని జూడడు. తన చేతిలోని గడియారమునే చూచును. గడియారమును జూచుచు పరుగెత్తువాని నర్థము చేసికొనుటకు ప్రేక్షకుడును చుట్లు లెక్కింపక తప్పదు. ఈ చుట్టెంతలో ముగిసినది, వెనుకటిదానికన్న తగ్గినదా హెచ్చినదా అని యడుగుట నేర్చినవాడు జూదరి స్థితినుండి ఒక మెట్టు పైకెక్కినవాడే.

మరుసటి యేడు, అనగా 1926లో, అదే నగరమున మిల్‌రోజ్ పోటీలలో వానమేకర్ మైలు అను పందెము మొదలైనది. అప్పటి బాట చెక్కపలకలది. మైలునకు పదునొకండు చుట్లు. పరుగెత్తువారి యడుగుల చప్పుడు పలకలపై ఉరుమువలె మ్రోగుచు మందిరమెల్ల నిండుచుండెను. గ్లెన్ కన్నింగ్‌హామ్ ఈ పందెమును ఆరుమారులు గెలిచెను. చిన్ననాట పాఠశాలలో జరిగిన అగ్నిప్రమాదమున అతని కాళ్లు ఘోరముగ కాలినవి; నడచుటయే యరిదని వైద్యులు తలంచిరి. 1938లో అతడు డార్ట్‌మత్ కళాశాల మందిరమున మైలును 4 నిమిషముల 4.4 సెకనులలో పరుగెత్తెను. నాలుగు నిమిషముల గోడను మందిరమున తొలుత దాటినవాడు జిమ్ బీటీ. 1962 ఫిబ్రవరి 10వ తేదీన, లాస్ ఏంజెలెస్ నగరమున, 3 నిమిషముల 58.9 సెకనులు. ఐర్లండువాడైన ఈమన్ కాగ్లన్ వానమేకర్ మైలును ఏడుమారులు గెలిచి, 1983లో 3 నిమిషముల 49.78 సెకనులతో మందిరమున 3 నిమిషముల 50 సెకనుల లోపున మైలు ముగించిన మొదటివాడయ్యెను. ఇతడే 1994లో, నలుబది దాటిన వయస్సున, హార్వర్డు మందిరమునందు 3 నిమిషముల 58.15 సెకనులలో మరల మైలు ముగించెను. నలుబది దాటి మెట్లెక్కుటకు రొప్పు మావంటివారు ఈ సంగతిని నమస్కారముతో తప్ప స్మరింపలేరు.

ఇంతవరకు చెప్పిన కథలో ప్రేక్షకుడు మెరుగుపడుచు వచ్చెను. కాని దృష్టి చెడినప్పుడు ఎంత హాని కలుగునో తెలుపు కథ యొకటి గలదు. అది మందిరమున గాక బయలుమైదానమున జరిగినను, మధ్యదూరపు పందెపు చరిత్రలో దానికన్న ముఖ్యమైనది లేదు. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలందు స్త్రీలకు తొలిసారిగ 800 మీటర్ల పందెము పెట్టిరి. జర్మనీ దేశపు లీనా రాడ్కే 2 నిమిషముల 16.8 సెకనులలో గెలిచెను. తుదిపందెమున పరుగెత్తినవారు తొమ్మండుగురు; తొమ్మండుగురును పందెమును ముగించిరి. గీత దాటిన పిమ్మట కొందరు అలసటచే నేలపై బడిరి. పురుషులును పందెము ముగియగనే పడుచుందురు. దానినెవరును వింతగ జెప్పుకొనరు. కాని పత్రికలవారిలో ననేకులు స్త్రీలు మార్గమధ్యమున కూలిరనియు, పందెమును విడిచిరనియు, పరుగెత్తినవారు పదునొకండుగురనియు, లేని సంగతులను వ్రాసిరి. చూచుటకు ముందే వారు స్త్రీకి శక్తి లేదని నిశ్చయించుకొనియుండిరి. కన్ను ఆ నిశ్చయమునకు సాక్ష్యము వెదకినది. ఫలమేమి? ఒలింపిక్ క్రీడలనుండి స్త్రీల 800 మీటర్ల పందెము తీసివేయబడి, 1960లో రోము నగరమున గాని తిరిగి రాలేదు. ఒక సాయంకాలపు చెడుచూపు 32 సంవత్సరములు స్త్రీల దారి నడ్డగించినది. గిట్టనివారు రంగముపై మట్టిబెడ్డలు విసరుదురని భరతుడు వ్రాసెను గదా. ఆంస్టర్‌డాంలో విసరినవి వార్తలు.

ఇక ఇటీవలి కాలమునకు వత్తము. కప్పుక్రింది పందెములకు 1985లో పారిసున ప్రపంచ క్రీడలును, 1987లో ఇండియానాపొలిసున తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్పులును జరిగినవి. 2012లో మిల్‌రోజ్ పోటీలు వేలకొలది జనము పట్టు మాడిసన్ స్క్వేర్ గార్డెనును విడిచి, అదే నగరమున 168వ వీధిలోని ఆర్మరీ యను మందిరమునకు మారినవి. ఆ మందిరము మొదట సైనికుల కవాతుశాల; 1980 ప్రాంతములలో ఇల్లులేని నిరుపేదలు మంచములు వేసికొని పరుండిన ఆశ్రయము; 1990 తరువాత బాగుచేయబడి పరుగుశాల యైనది. పెద్ద మందిరమును విడిచి చిన్నదానికి పోవుట క్షీణలక్షణమని కొందరు చింతించియుందురు. కాని ఆర్మరీలో ప్రేక్షకుడు బాట ప్రక్కనే కూర్చుండును. పరుగెత్తువాని ఊపిరి యతనికి వినబడును. 2025 ఫిబ్రవరి 8వ తేదీన ఈ మందిరమున యారెడ్ నుగూసె మైలును 3 నిమిషముల 46.63 సెకనులలో ముగించి, 2019లో కెజెల్చా నెలకొల్పిన 3 నిమిషముల 47.01 సెకనుల రికార్డును దాటెను. అతని వెనుక రెండవవాడుగా వచ్చిన హాబ్స్ కెస్లర్ కాలము గూడ పాత రికార్డుకన్న తక్కువయే. అయిదు దినములు గడచినవి. ఫ్రాన్సులోని లియెవాఁ పట్టణమున నార్వేవాడైన యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ 3 నిమిషముల 45.14 సెకనులలో మైలు ముగించి, దారిలోనే 1,500 మీటర్లకును క్రొత్త రికార్డు పెట్టెను. మధ్యమగృహమే మేలన్న భరతుని తీర్పునకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలయును?

ఈ కాలపు బాటల లోపలి యంచున దీపముల వరుస యొకటి పెట్టుచున్నారు. రికార్డు వేగమున ఆ వెలుగు చుట్టు తిరుగుచుండును. పరుగెత్తువాడు వెలుగునకు ముందున్నాడా వెనుకనున్నాడా అనునది పసివానికిని తెలియును. ఇది ప్రేక్షకునికి మేలే. కాని ఇందొక యపాయమున్నది. కేవలము కాలమునే కొలచు కన్ను, వెలుగు ముందుకు సాగినంతనే పందెముపై విసుగు చెందును. 2024 ఫిబ్రవరిలో టెహరానునందు జరిగిన ఆసియా మందిర పోటీలలో మన దేశపు హర్మిలన్ బైన్స్ 1,500 మీటర్ల పందెమును 4 నిమిషముల 29.55 సెకనులలో గెలిచి స్వర్ణము పొందెను. అంకెను మాత్రమే చూచువాడు ఇది నెమ్మదియని పెదవి విరచును. పరుగు నెరిగినవాడు మరియొక విధముగ జూచును. ఛాంపియన్‌షిప్పు పందెమునకు కాలము గురి కాదు, స్థానము గురి. ఎవరును ముందు నిలిచి గాలి కెదురేగక, ఒకరినొకరు కనిపెట్టుచు, బలమును దాచుకొని, చివరి చుట్లలో వెల్లడించుట అందలి నీతి. చదరంగమున ఎత్తులు త్వరగ వేయలేదని ఆటగాని నెవరైన నిందింతురా? డబ్బు చూపు మొదటి దోషము; పూర్వనిశ్చయపు చూపు రెండవది; అంకెల చూపు మూడవది. మూడింటిని దాటినవాడే పందెమునకు సహృదయుడు.

ఇప్పుడు మన తెలుగువారి మాట. టెహరాను పోటీలలోనే విశాఖపట్టణమునకు చెందిన జ్యోతి యర్రాజీ 60 మీటర్ల హర్డిల్సు పరుగును 8.12 సెకనులలో ముగించి స్వర్ణము దెచ్చెను. ఆమెది మధ్యదూరము గాకపోయినను, కప్పుక్రింది బాటపై తెలుగు ఆడుబిడ్డ ఆసియాకంతకు మొదటిదగుట మరువరానిది. 2023 అక్టోబరు 1వ తేదీన హాంగ్‌ఝౌ నగరపు ఆసియా క్రీడలలో, తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివిన అగసర నందిని, రెండు దినములలో ఏడు పోటీలు గల హెప్టాథ్లానునందు 5,712 పాయింట్లతో కాంస్యము గెలిచెను. ఏడవ పోటీ 800 మీటర్ల పరుగు. దానిని ఆమె 2 నిమిషముల 15.33 సెకనులలో ముగించెను. నాలుగవ స్థానమునకును ఆమెకును నడుమ అంతరము 4 పాయింట్లు. ఆ వేగమున 800 మీటర్లలో ఒక్క సెకను పదునాలుగు పాయింట్లకు సమానమగును గనుక, ఆ పతకము అర సెకనుకన్న తక్కువ కాలముపై నిలిచినదన్నమాట. ఈ లెక్క తెలిసి చూచినవానికి ఆ చివరి నూరు మీటర్లు గుండె చేతబట్టుకొని చూడవలసినవి. తెలియనివానికి అలసిన యొక బాలిక పరుగు. పాఠకులు మరియొక సంగతి గూడ గమనింపవలెను. 1928లో ప్రపంచమును జయించిన రాడ్కే కాలము 2 నిమిషముల 16.8 సెకనులు. బాటలును శిక్షణయు మారినమాట నిజమే. అయినను స్త్రీజాతికి తగదని తీసివేసిన దూరమునే, తేనీరమ్ముకొని జీవించు నొక తండ్రి బిడ్డ, ఆరు పోటీలు ముగించి యలసిన పిమ్మట, అంతకన్న త్వరగ పరుగెత్తినది. ఆ నందినియే 2025 మే నెలలో గుమి నగరపు ఆసియా ఛాంపియన్‌షిప్పులలో 5,941 పాయింట్లతో స్వర్ణము గెలిచెను.

ఇట్టివారిని గన్న నేలకు చూచు కన్నులు చాలకుండుటయే మా విచారము. మా ప్రాంతమునే తీసికొందము. దిల్‌సుఖ్‌నగరు ఉద్యోగపరీక్షలకు సిద్ధపడు యువజనులకు కాశీక్షేత్రమువంటిది. వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు జిల్లాల పల్లెలనుండి వచ్చి, ఇరుకు హాస్టళ్లలో నుండి, కానిస్టేబులు పరీక్షకు చదువువారు వేలున్నారు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకములలో పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషముల 15 సెకనులలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకనులలోను పరుగెత్తవలెనని నియమము. 1,600 మీటర్లన మైలునకు తొమ్మిది మీటర్లు తక్కువ. నుర్మీ పరుగెత్తిన దూరమే యిది. రాడ్కే పరుగెత్తిన దూరమే అది. తెల్లవారకముందే సరూర్‌నగరు మైదానమున ఈ యువతీయువకులు చుట్లు తిరుగుచుందురు. ఇంతమంది మధ్యదూరము పరుగెత్తు ప్రదేశము మన రాష్ట్రమున నెన్ని గలవు? కాని చూచువారేరి? పరీక్షదినమున యంత్రము కాలమును లెక్కించును. తల్లిదండ్రులు ద్వారమునకు వెలుపల మోటారుసైకిళ్ల ప్రక్కన నిలిచియుందురు. బిడ్డ పరుగును జూచు భాగ్యము వారికి లేదు. ఫలము మాత్రమే తెలియును. రెండు మైళ్లు పడమటికి పోయినచో గుఱ్ఱములకు మెట్లమంటపములు గలవు. మనుష్యులకు మాత్రము గేటు చువ్వలు.

సరూర్‌నగరునందు ఇండోరు స్టేడియము గలదు గదా యని కొందరనవచ్చును. కలదు, కాని అది బంతియాటలకు, కుస్తీలకు, సభలకు తగిన మందిరము, 200 మీటర్ల బాట అందు పట్టదు. మన దేశమున అట్టి బాటగల మందిరము 2024లో భువనేశ్వరమునందు వెలసినది. ముందు బాటలు కావలెను, ప్రేక్షకులు పిమ్మట వత్తురని మరికొందరు వాదింతురు. ఈ వాదము వినుటకు సరిగానే యున్నది. చరిత్రకు మాత్రము విరుద్ధము. న్యూయార్కువారు మొదట స్కేటింగు మందిరమునందు పరుగెత్తిరి. జనము చూడనేర్చిన పిమ్మట మంచి బాటలు వచ్చినవి. బాటను ప్రభుత్వము కట్టగలదు. ప్రేక్షకుని కట్టగల ప్రభుత్వమింకను పుట్టలేదు. చూచువారు లేని మైదానమున గడ్డి మొలచుటకు ఎంతయో కాలము పట్టదు. ఇక చదువుకొనవలసిన బాలురకు కేకలు వేయుట నేర్పుదురా యని యడుగు పెద్దలకు మా ప్రత్యుత్తరము: కేకలు వేయుట నేర్పనక్కరలేదు, అది వారికి వచ్చును, ఎప్పుడు వేయవలెనో, ఎవరికి వేయవలెనో, ఎప్పుడు మౌనముగ నుండవలెనో నేర్పవలెను.

పాఠశాలల క్రీడాదినములలో మేము తరచుగ జూచునదొకటి గలదు. 800 మీటర్ల పందెమున మొదటి ముగ్గురును గీత దాటగనే బాలురు లేచి పోవుదురు. చివరివాడు ఒంటరిగ పరుగెత్తుచుండగా నవ్వుదురు. బాలికయైనచో ఆ నవ్వు మరింత హెచ్చును. మరుసటి యేడు ఆ బాలిక పందెమునకు రాదు. ఒలింపిక్ సంఘము తీర్మానము చేసి మాన్పించిన పనిని మనము నవ్వుతో మాన్పించుచున్నాము. వరంగల్లు మండలమున కల్లెడ గ్రామపు జీవంజి దీప్తి, బాల్యమున ఊరివారి హేళనలకు గురియైనది. ఆమె 2024 మే నెలలో కోబె నగరమున 400 మీటర్లను 55.07 సెకనులలో పరుగెత్తి తన తరగతిలో ప్రపంచ రికార్డును, పిమ్మట పారిసు పారాలింపిక్ క్రీడలందు కాంస్యమును సాధించెను. ఆమె హేళనను దాటి నిలువగలిగినది. నిలువలేక ఇంట కూర్చున్న ఆడుబిడ్డ లెందరో లెక్కించినవారెవరు?

కావున మా సూచన మిక్కిలి చిన్నది; దానికి ధనమక్కరలేదు. పాఠశాలలలో పందెము జరుగునపుడు చూచు విద్యార్థులకు గూడ పని యొప్పగింపవలెను. ఒక్కొక్క పరుగుకాని చుట్టుకాలములను ఒక్కొక్క విద్యార్థి పలకపై వ్రాయవలెను. మొదటి చుట్టు తొందరపడినవా డెవడు, మూడవ చుట్టున తట్టుకొన్నవా డెవడు, ఎవడెక్కడ దాటెను, ఏల దాటెను అను ప్రశ్నలకు పందెము ముగిసిన పిమ్మట వారు బదులు చెప్పవలెను. ప్రతి చుట్టు కాలమును మైకులో పెద్దగ ప్రకటింపవలెను. తల్లులను ప్రత్యేకముగ పిలిచి, బాటకు దగ్గరగా కూర్చుండబెట్టవలెను; ఏలయన బిడ్డ పరుగును కన్నతల్లి యొకమారు కన్నులార జూచినచో, పరుగువలన ఆడుపిల్ల చెడునని యెవరు చెప్పినను ఆమె నమ్మదు. చివరివారు గీత దాటువరకు ఎవరును లేవరాదను నియమము పెట్టవలెను. ఉద్యోగార్థుల పరుగునకు గూడ సాధన దినములలో ఇట్టి యేర్పాటు చేయవచ్చును. హాస్టలు మిత్రులే ప్రేక్షకులు గావచ్చును.

భరతుడు ప్రయోగసిద్ధికి చెప్పిన గుర్తులలో లేచి నిలుచుట యొకటి. గెలిచినవానికై లేచి నిలుచుట లోకమున నంతట గలదు. అది మానుషి సిద్ధి. చివరివాడు గీత దాటువరకు నిండిన మైదానము కదలక, కలత లేక, కనిపెట్టియుండుట దైవికి సిద్ధికి దగ్గర. మొదటిదానికి లియెవాఁ పోవలెనేమో. రెండవది సరూర్‌నగరున రేపు తెల్లవారుజామున సాధ్యము.